విస్తరీ, విరిచే పుల్లలూ

అనువాదం వృత్తిగా గలవానికి ఒక దౌర్బల్యం ఉన్నది. కొత్త వస్తువు ఏది కంటబడినా ముందుగా దానికి తన భాషలో పేరేమని వెదకుతాడు. దాని ఉపయోగమూ, మంచిచెడ్డలూ తరువాతి మాట. ముప్పదియేండ్లుగా హిందీకీ తెలుగుకూ నడుమ రాకపోకలు సాగిస్తున్న నాకు ఈ దౌర్బల్యం ఎముకలలో ఇంకిపోయినది. ఇప్పుడు చెప్పబోయే సంగతి కూడా అట్లే ఒక మాటను వెదకబోవడంతో మొదలైనది.

రెండేండ్ల క్రిందట, శీతకాలంలో ఒక సాయంత్రం, అత్తవారింటి నుండి వచ్చిన మా అమ్మాయి నన్ను రాయపూరులో తెలిబాంధా చెరువు వైపున్న ఒక చీనా భోజనశాలకు తీసుకొనిపోయినది. బల్లమీద నూడుల్సు గిన్నెతోపాటు కాగితపు తొడుగులో ఒక జత కర్రపుల్లలు పెట్టినారు. ఆ రెండు పుల్లలూ మొదట ఒక కొసన అతుక్కొని ఉంటవి. తినేవారు వాటిని విరిచి వేరుచేసుకోవలెను. టప్పుమని చిన్న చప్పుడైనది. పావుగంటలో భోజనం ముగిసినది. పనికుర్రవాడు వచ్చి గిన్నెలను కడగడానికి తీసుకొనిపోయినాడు. పుల్లలను చెత్తబుట్టలో వేసినాడు.

"నాన్నా, వీటిని తెలుగులో ఏమనాలి?" అని అడిగినది అమ్మాయి.

కడ్డీలు అందామంటే ఇనుము జ్ఞప్తికి వస్తుంది. పుడకలు అందామంటే శ్మశానం. "తిండిపుల్లలు" అన్నాను.

"అది సరే. ఒక్కసారి వాడి పారేసేవి అని ఒక్క మాటలో ఎలా చెబుతావు?"

ఆ ప్రశ్నకు నాకు అప్పటికి జవాబు తోచలేదు. ఇంటికి వచ్చిన తరువాత నాలుగు రోజులపాటు ఆ పుల్లలను గూర్చి దొరికినంత మేరకు చదివినాను. చదివినకొద్దీ నా మనస్సు పుల్లలను విడిచి మరొక వస్తువు మీదికి పోవడం మొదలుపెట్టినది. ఆ క్రమంలోనే చెబుతాను.

జపానువారు ఈ పుల్లలను వారిబాషి అంటారు. విరిచే పుల్లలని దానికి అర్థం. నారా ప్రాంతంలోని యొషినో కొండలలో సుగి అనే చెట్లు పెంచి, వాటి పలకలతో మద్యం నిలువచేసే పీపాలు కట్టేవారు. పీపాకు పనికిరాక మిగిలిన ముక్కలను వృథాగా పోనీయక చీల్చి ఈ పుల్లలు చేసినారు. ఇప్పుడు మనం దుబారాకు గుర్తుగా చూపుతున్న ఈ వస్తువు పుట్టినది పొదుపులోనే అన్నమాట. కాని వాడుక పెరిగినకొద్దీ పీపాల ముక్కలు చాలవైనవి. మిగిలిన ముక్కతో పుల్ల చేసే కాలం గడచిపోయి, పుల్ల కొరకే చెట్టును పడగొట్టే కాలం వచ్చినది. తమ అడవులను కాపాడుకొంటూనే జపానువారు తమకు కావలసిన పుల్లలలో ఎక్కువ భాగాన్ని చీనా నుండి దిగుమతి చేసుకోసాగినారు. చీనా ప్రభుత్వం 2006లో ఇటువంటి పుల్లల మీద నూటికి 5 వంతున పన్ను విధించినది. ఆ పన్ను వలన వాడుక ఆగినట్లు లేదు. 2013లో ఆ దేశపు జాతీయ ప్రజాకాంగ్రెసు సమావేశాలలో, జిలిన్ అటవీ సంస్థ అధ్యక్షుడు బో గ్వాంగ్‌షిన్ తమ దేశంలో ఏటా 8,000 కోట్ల జతల పుల్లలు తయారవుతున్నవనీ, వాటికిగాను ఇరువదేసి యేండ్ల వయసు గల చెట్లు 2 కోట్లు ఖర్చవుతున్నవనీ చెప్పినాడు. ఇరువదియేండ్ల ఎండా వానా తిని పెరిగిన చెట్టు మనిషి చేతిలో పావుగంట కొలువు చేసి చెత్తబుట్టలో పడుతున్నది.

ఇంతవరకు చదివి పరుల దుబారా మీద నాలుగు మాటలు వ్రాసి ఊరుకోవడం సులభం. నేనూ వ్రాయబోయినవాడనే. కాని కలం పట్టుకోగానే ఒక సందేహం అడ్డువచ్చినది. ఒక్కసారి వాడి పారవేసే భోజనసాధనం మనకు మాత్రం కొత్తదా? ఎంగిలి అన్న భావన ఉన్న దేశం మనది. ఒకరు తిన్న పాత్రలో మరొకరు తినగూడదన్న పట్టింపు నుండి, తిన్న వెంటనే తీసి పారవేసే విస్తరి పుట్టినది. విస్తరి వేయడం, వడ్డించడం, విస్తరి ఎత్తడం అనే మూడు క్రియలలో మన పెండ్లిండ్లూ, తద్దినాలూ, సంతర్పణలూ జరిగిపోయినవి. ఎంగిలి విస్తళ్ళు ఎత్తే పని ఎవరి నెత్తిన పడేదో తలచుకొంటే, ఆ పట్టింపును పొగడబుద్ధి కాదు. అయినా ఒక మాట మాత్రం ఒప్పుకొనక తప్పదు. లక్షల విస్తళ్ళు పారవేసిన ఈ దేశంలో విస్తళ్ళ గుట్టలు ఎక్కడా పేరుకొనలేదు. ఎందువలన? ఈ ప్రశ్నకు జవాబు మా యింటి చరిత్రలోనే కొంత దొరికినది.

మా నాన్నగారిది పార్వతీపురం. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూరుకు వచ్చే రైలుమార్గం 1931 నాటికి పూర్తియైనది. ఆ దారి వెంబడి మధ్యప్రదేశపు ఈ మూలకు తెలుగు కుటుంబాలు ఎన్నో వచ్చి స్థిరపడినవి. రైల్వే గుమాస్తాగా మా నాన్నగారూ 1960 ప్రాంతాలలో ఆ దారినే వచ్చినారు. నేను ఇక్కడనే పుట్టినాను. వేసవి సెలవులలో మమ్ములను పార్వతీపురం పంపేవారు. అక్కడ మా నాయనమ్మ వాకిట్లోనికి కొండల నుండి జాతాపు, సవర స్త్రీలు ఆకుల కట్టలు నెత్తిన పెట్టుకొని వచ్చేవారు. నాయనమ్మ వాటిని అడ్డాకులనేది. మధ్యాహ్నం వేళ అరుగు మీద కూర్చుండి వెదురు ఈనెలతో విస్తళ్ళు కుట్టేది. ఆకు దళసరిగా, తోలువలె ఉండేది. కొస మాత్రం రెండుగా చీలి, ఆవు గిట్టను జ్ఞప్తికి తెచ్చేది. రాయపూరుకు తిరిగి వచ్చిన తరువాత మా అమ్మ గోల్‌బజారులో కొనే విస్తళ్ళను ఇక్కడివారు పతరీ అనేవారు. అందులో కొన్ని సాల వృక్షపు ఆకులవి, కొన్ని మాహుల్ ఆకులవి.

ఇక నా తప్పు చెప్పవలసి ఉన్నది. చాలా యేండ్ల క్రిందట ఒక హిందీ వ్యాస సంపుటిని తెనిగించినాను. అందులో ఒకచోట మాహుల్ ఆకు ప్రసక్తి వచ్చినది. నిఘంటువులు తిరగవేసి, ఏమీ తోచక, మాహుల్ ఆకు అనే ఉంచి, "ఛత్తీస్‌గఢ్ అడవులలో దొరికే ఒక విధమైన ఆకు" అని అడుగున ఒక వివరణ వ్రాసినాను. పుల్లలను గూర్చి చదువుతూ విస్తళ్ళలోనికి పోయిన ఆ రోజులలోనే ఒక వృక్షశాస్త్ర గ్రంథం తెరచి చూతును గదా, ఇక్కడి మాహుల్, మా నాయనమ్మ అడ్డాకు రెండూ ఒకే తీగ! బాహీనియా జాతికి చెందినది. పదునారవ శతాబ్దంలో పుట్టిన జొహాన్, గాస్పార్ బాహిన్ అనే అన్నదమ్ములు ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు. కొస రెండుగా చీలిన ఆకును చూచి లిన్నేయసు ఆ జాతికి ఆ సోదరుల పేరు పెట్టినాడు. ఐరోపాలోని అన్నదమ్ముల కథ కూడా ఆ ఆకుకు తెలిసినది. ఆ ఆకులో నూరుసార్లు అన్నం తిన్న నాకు మాత్రం అది "ఒక విధమైన ఆకు" అయినది. రైలుమార్గం కలిపిన రెండు కొసలలో ఉన్న ఒకే ఆకును నేను అడుగు వివరణతో విడదీసినాను.

ఈ రాష్ట్రపు భూమిలో నూటికి 44 వంతులు అడవి. సాల వృక్షమే ఇక్కడి రాజ్యవృక్షం. దాని కొమ్మలను పెనవేసుకొని మాహుల్ తీగ ఎక్కుతుంది. స్త్రీలు తెల్లవారుజామున అడవికి పోయి ఆకులు కోసి, కట్టలు కట్టి, ఇంటికి తెచ్చి, నీడను ఆరబెట్టి, ఈనెలతో కుట్టుతారు. మాహుల్ ఆకు పెద్దది గనుక నాలుగైదు ఆకులకే విస్తరి నిండుతుంది. సాల ఆకులు అంతకంటె ఎక్కువ కావలెను. ఆకు కోసినంత మాత్రాన తీగ చావదు. వానలు పడితే మరల చిగురిస్తుంది. తిన్న విస్తరి పెంటమీదికి పోయి, పశువులు కొంత తినగా మిగిలినది ఎరువై పొలం చేరుతుంది. నేను వెదకిన జవాబు ఇదే. విస్తరిని ఇచ్చిన తల్లి చావలేదు. పుచ్చుకొన్న మట్టికి అది అజీర్ణం చేయలేదు. విరిచే పుల్ల మట్టిలో కలిసేదే, కాని దానిని ఇచ్చిన చెట్టు తిరిగి లేవదు. ప్లాస్టిక్కు విషయంలో మట్టికే దిక్కు లేదు.

ఆ ప్లాస్టిక్కు మా ఊరికి ఎప్పుడు వచ్చినదో తేదీ చెప్పలేను. పోగైన తరువాతనే కంటబడినది. 2018లో కార్తిక పున్నమి మరునాడు ఉదయం ఖారున్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌కు పోయినాను. ముందటి రోజు అక్కడ పెద్ద మేళా జరిగినది. ఇసుక మీద తెల్లని థర్మోకోల్ పళ్ళెములు గాలికి లేచి, దొర్లి, నీటిలో పడి తేలిపోతున్నవి. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అనే సామెతను మనుష్యులకు అన్వయించి చెప్పడమే అంతవరకు ఎరుగుదును. ఆనాడు అది అక్షరాలా కండ్ల యెదుట జరిగినది. మరుసటి యేడు, 2019లో, ఉత్తరాన సర్గుజా జిల్లా అంబికాపూరులో పురపాలకులు ఒక భోజనశాల తెరచినారు. కిలో ప్లాస్టిక్కు చెత్త ఏరి తెచ్చినవారికి అక్కడ ఒక పూట భోజనం. ఆకలికీ చెత్తకూ ముడివేసిన ఆ ఏర్పాటును మెచ్చుకొనవలెనో, అట్టి ఏర్పాటు అవసరమైనందుకు సిగ్గుపడవలెనో నాకు తేలలేదు. 2022 జులై 1 నుండి కేంద్ర ప్రభుత్వం ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు పళ్ళెములనూ, గ్లాసులనూ, చెంచాలనూ నిషేధించినది. అప్పటి నుండి బజారులో కర్ర చెంచాలు వచ్చినవి. ఆకు పళ్ళెములకు మరల గౌరవం వచ్చినది.

ఆ గౌరవంలో నాకూ పాలు కావలెననిపించినది. 2023 ఫిబ్రవరిలో మా అమ్మాయి పెండ్లి. వంటల గుత్తేదారుతో గట్టిగా చెప్పినాను, ఆకు పళ్ళెములే కావలెనని. అతడు యంత్రం మీద వేడితో అచ్చువేసిన, గుండ్రని, అందమైన పళ్ళెములు ఐదువందలు తెప్పించినాడు. వచ్చినవారందరూ మెచ్చుకొన్నారు. నాకు గర్వం ఎక్కువైనది. భోజనాల తరువాత ఆ పళ్ళెములను పురపాలక బండికి ఇవ్వనీయక, మా పెరటిలో గుంట తీయించి పూడ్పించినాను. వానలు వెళ్ళిన తరువాత దానిమ్మ మొక్క నాటడానికి ఆ చోట తవ్వినాము. పార కొసకు ఏదో జిగురుగా తగిలినది. పైకి లాగి చూచితిమి గదా, గాజువలె పారదర్శకమైన పొర; గుండ్రని అంచు, మధ్య లోతు, ఆకు ఈనెల ముద్రలు అన్నీ చెక్కుచెదరకుండ ఉన్నవి. ఆకు మట్టిలో కలిసిపోయినది. ఆకు ఆకారం మాత్రం ప్లాస్టిక్కులో మిగిలినది. ఒకదాని కింద ఒకటి, అట్లు ఎన్నో. పైన ఆకు, లోపల సన్నని పొర వేసి అతికిన పళ్ళెములవి. నేను కొనేటప్పుడు గోటితో ఒకసారి గీచి చూచినా తెలిసి ఉండేది. చూడలేదు.

ఆ పొరలను ఒక సంచిలో వేసి దాచినాను గాని, ఎవరికీ చూపలేదు. తెలిబాంధాలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకు జవాబు తోచకపోవడానికి కారణం ఆ సంచియే. పరుల పుల్లలను లెక్కపెట్టబోతే నా పెరటి గుంట ఎదుట నిలిచినది.

ఆ వారంలోనే గోల్‌బజారుకు పోయినాను. గరియాబంద్ వైపు పల్లె నుండి వచ్చే ఒక ముసలావిడ చాలాకాలంగా అక్కడ గోడవార కూర్చుండి దొన్నెలూ, పతరీలూ అమ్ముతుంది. ఇక్కడి పద్ధతిలో దాయీ అని పిలిచి, కుట్టిన పతరీలు ఇప్పుడు ఎవరైనా కొంటున్నారా అని ఛత్తీస్‌గఢీలో అడిగినాను.

"పూజకు పది, పాతిక కొంటారు బాబూ. పెండ్లికి ఎవరు కొంటారు?" అన్నది.

"ఎందుకు కొనరు?"

"పప్పు కారుతుందట! కారదా మరి, కుట్టినదాయె. ముందు అన్నం పెట్టుకొని, దానికి కట్ట కట్టి, నడుమ పప్పు పోసుకోవాలి. ఇప్పటి వాళ్ళు నిలబడి తింటారు. చేతిలో పట్టుకొంటే కారకూడదంటారు. అందుకే మిషనువాడు లోపల పన్నీ అతికిస్తాడు. వాడిదేమి తప్పు?"

పన్నీ అంటే ఇక్కడ ప్లాస్టిక్కు కాగితం. ఆమె మాటలో నింద లేదు. ధర చెప్పినంత మామూలుగా చెప్పినది. నాకు మాత్రం నాయనమ్మ ఇంటి అరుగు మీద పంక్తిలో కూర్చుండి, అన్నాన్ని గుండ్రంగా పేర్చి, నడుమ గుంట చేసి, పప్పుపులుసు పోయించుకొని, అది కట్ట తెంచుకొనేలోపల కలుపుకొని తినడం కండ్లకు కట్టినది. ఆ విద్య ఎవరూ నేర్పలేదు, ఎప్పుడు మరచినామో తెలియదు. విస్తరి మారకముందే తినేవాని చేయి మారినది. నిలబడి, త్వరగా, చేతికి చెమ్మ అంటకుండ తినవలెనన్న కోరిక మనది. ఆ కోరికకు తగినట్లు ఆకు తన స్వభావం మార్చుకొన్నది.

అయితే కుట్టిన విస్తరి పాపరహితమని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. ఆకు తొందరగా చేతికి అందవలెనని కొమ్మలనే నరికివేసేవారున్నారు. కలప కొరకు సాల వనాలను పెంచే అటవీశాఖ దృష్టిలో ఈ తీగ చాలాకాలం శత్రువు. చెట్టును చుట్టుకొని వంకర చేస్తుందని, తీగలను నరికించడం బ్రిటిషువారి నాటి నుండి వచ్చిన ఆచారం. రాయపూరులోని పెండ్లిండ్లన్నిటికీ ఒక్కసారిగా ఆకు కావలసివస్తే, ఆ తీగ తట్టుకొంటుందని నేను పూచీపడలేను. యొషినో పుల్ల కథ మన ముందే ఉన్నది గదా. పొదుపులో పుట్టిన వస్తువు సయితం, కోరేవారి తొందర మితిమీరినప్పుడు, దుబారాకు పనిముట్టు అవుతుంది. అందుచేత వస్తువు కర్రదా, ఆకుదా అని అడిగి ఊరుకొంటే చాలదు. ఇచ్చినది ఇంకా బ్రతికి ఉన్నదా, పుచ్చుకొనేది దానిని ఎరుగునా అని రెండు వైపులా అడగవలెను. ఇంట్లో నలుగురమే ఉన్నప్పుడు స్టీలు కంచం కడుక్కోవడానికి బద్ధకించనక్కరలేదన్న మాట కూడా ఇందులోనే ఉన్నది.

తరువాతి పుష్యమాసంలో మా నాన్నగారి తద్దినం. మా అమ్మాయి వచ్చినది. ముందునాడు గోల్‌బజారు దాయీ దగ్గర కుట్టిన మాహుల్ పతరీలు నలుబది తెచ్చినాను. భోక్తలకూ బంధువులకూ అందరికీ నేలమీదనే చాపలు పరచి వేసినాము. నిలబడి తినడం అలవాటైన చిన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురికి పప్పు కారి చాప తడిసినది. పెద్దలు నవ్వి, అన్నంతో కట్ట ఎట్లు కట్టవలెనో చూపినారు. ఆనాడు సంచిలోని పొరలు తీసి అమ్మాయికి చూపినాను. ఆమె ఒక పొరను వెలుతురుకు పట్టి చాలాసేపు చూచి, "ఇది నా పెండ్లిదా?" అని మాత్రం అన్నది. ఔనన్నాను.

ఆ విస్తళ్ళను కూడా పెరటిలోనే, దానిమ్మ మొక్కకు కొంత ఎడంగా పూడ్చినాము. ఆ సంవత్సరమే నా పాత అనువాదానికి రెండవ ముద్రణ వచ్చినది. ప్రూఫులు దిద్దుతూ, మాహుల్ ఆకు అన్నచోట అడ్డాకు అని వ్రాసి, అడుగు వివరణ కొట్టివేసినాను. ఒక్కసారి వాడి పారవేసేది అన్న మాటకు మాత్రం ఈనాటికీ ఏకపదం దొరకలేదు. బహుశా పారవేయడం అన్న క్రియ మన పాత వాడుకలో ఇంత దూరం పోలేదేమో. విస్తరి ఎత్తి పెంటమీద వేసేవారు గాని, కంటికి కనబడని చోటికి పంపేవారు కారు.

వానలు వెళ్ళినాక ఆశ్వయుజంలో ఆ గుంట తవ్వి చూచినాము. నల్లని మట్టి తప్ప ఆకు జాడ లేదు. వ్రేళ్ళతో మట్టిని చిదిపి చూచిన అమ్మాయికి నాలుగైదు వెదురు ఈనెలు మాత్రం దొరికినవి. "పుల్లలు ఇంకా అరగలేదు నాన్నా" అన్నది. వాటిని మరల అక్కడనే మట్టిలో పెట్టి, పైన నీరు పోసినాము.